చలి ప్రాంతంలో తొలి బోన్సాయ్: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

చలికాలంలో ఉష్ణోగ్రత -20 డిగ్రీల దాకా పడిపోయే చోట మొట్టమొదటి బోన్సాయ్ కొంటున్నారా? అయితే లార్చ్ అనే, చలికాలంలో ఆకు రాల్చే సూదాకుల చెట్టు కొనండి. చిన్న పింగాణీ కుండీలో సింగారించి, పైన నాచు పరిచి అమ్మే చెట్టు జోలికి పోవద్దు. నర్సరీలో మామూలు నల్ల ప్లాస్టిక్ కుండీలో, మొదలు దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల లావుతో నిలబడి ఉండే మొక్కను చూడండి. అది దొరక్కపోతే అమూర్ మేపుల్. ఆరుబయట కుండీ పెట్టే చోటే లేని ఫ్లాటయితే మర్రి జాతికి చెందిన ఫైకస్. ఇక ‘కొత్తవారికి అనువైనది’ అన్న అట్ట తగిలించి అమ్మేవాటిలో ఏవి నిలుస్తాయో, ఏవి మొదటి చలికాలంలోనే పోతాయో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇక్కడ మేం వాడిన కొలబద్ద ఒక్కటే: వేళ్ళు. భూమిలో నాటిన చెట్టుకి నేలే దుప్పటి. పైన గాలి -25 ఉన్నా, మంచు కప్పిన నేలలో జానెడు లోతున సున్నాకి కాస్త కిందే ఉంటుంది. బోన్సాయ్ కుండీలో ఉండేది ఐదారు సెంటీమీటర్ల మట్టి, చుట్టూ గాలి. ఒక్క రాత్రి గడిస్తే ఆ మట్టి బయటి గాలంత చల్లబడుతుంది. పైగా కొమ్మలు ఓర్చుకున్నంత చలిని వేళ్ళు ఓర్చుకోలేవు. జపనీస్ మేపుల్‌నే తీసుకోండి. కొమ్మలు -20 దాటినా తట్టుకుంటాయి, వేళ్ళు మాత్రం -10 దగ్గరే చచ్చిపోతాయి. ఈ చావు వెంటనే కనిపించదు. కాండంలో దాచుకున్న పిండిపదార్థంతో వసంతంలో మొగ్గలు విచ్చుకుంటాయి, చిగురు కూడా వేస్తుంది. రెండు మూడు వారాలకి ఆ చిగురు వాడిపోయి వేలాడుతుంది. నీళ్ళు తక్కువయ్యాయనుకుని ఇంకా పోస్తారు. అసలు చెట్టు జనవరిలోనే పోయిందన్న సంగతి ఎవరికీ తట్టదు.

నర్సరీ చీటీ మీద ‘జోన్’ అని ఒక అంకె ఉంటుంది. జోన్ 5 అంటే ఏడాదిలో అతి చల్లని రాత్రి సగటున -23కీ -29కీ మధ్య ఉండే చోటు. అంకె తగ్గినకొద్దీ చలి ఎక్కువ. చీటీ మీది అంకె నేలలో నాటిన చెట్టుకే వర్తిస్తుంది, కుండీకి కాదు. కుండీలో పెంచేటప్పుడు మీ చోటు కన్నా రెండు అంకెలు తక్కువ ఉన్న చెట్టును ఎంచుకోవాలి. మీది జోన్ 5 అయితే జోన్ 3 చెట్టు. ఈ ఒక్క లెక్కతో కొట్లో ఉన్న సగం చెట్లు పక్కకి పోతాయి.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యే సరుకు సంగతి. నానా జునిపర్ అనే సతతహరిత పొద. పెద్ద దుకాణాల్లో, పండగల ముందు రోడ్డు పక్క బళ్ళ మీద కనిపించే బోన్సాయ్ చాలావరకు ఇదే. చెట్టుగా దీన్ని తప్పుపట్టడానికి లేదు. జోన్ 4 చెట్టు, వంచితే వంగుతుంది, కత్తిరింపులను ఓర్చుకుంటుంది. తప్పంతా దాన్ని తయారుచేసి అమ్మే తీరులో ఉంది. మట్టి మీద గులకరాళ్ళు పరిచి జిగురుతో అతికిస్తారు, రవాణాలో మట్టి ఒలికిపోకూడదని. పోసిన నీళ్ళు ఆ పలక మీద నుంచి అంచులకి జారి, కుండీ గోడ వెంబడి దిగి, అడుగు నుంచి కారిపోతాయి. మధ్యలో ఉన్న వేరుముద్ద పొడిగానే ఉంటుంది. కొన్ని కుండీలకైతే అడుగున బెజ్జమే ఉండదు. అన్నిటికన్నా పెద్ద తప్పు, దాన్ని బల్ల మీద అలంకారంగా అమ్మడం. జునిపర్ ఇంట్లో బతకదు. దానికి రోజుకి కనీసం ఐదారు గంటల నేరుటెండ కావాలి, చలికాలపు నిద్ర కావాలి. ఇంట్లో పెట్టిన జునిపర్ చచ్చిపోయాక కూడా వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. కొనేటప్పటికే చచ్చిపోయి ఉన్నవీ ఉంటాయి. కొమ్మ చివర్లను రెండు వేళ్ళ మధ్య నలిపి చూడండి. మెత్తగా, చల్లగా తగిలితే ప్రాణం ఉన్నట్టు. గరగరలాడుతూ పొడిపొడిగా రాలితే లేనట్టు.

ఎవరైనా ఈ చెట్టును బహుమతిగా ఇచ్చేస్తే పారేయాల్సిన పని లేదు. కుండీ మొత్తాన్ని బకెట్ నీళ్ళలో ఒక గంట నానబెట్టండి, జిగురు మెత్తబడుతుంది. గులకరాళ్ళ పలకను పటకారుతో ముక్కలుగా పీకేయండి. అప్పుడు మరో పావుగంట మునిగేలా ఉంచితే వేరుముద్ద లోపలికి నీరు చేరుతుంది. తర్వాత బయట పెట్టండి. ఇచ్చింది నడి చలికాలంలోనైతే తిన్నగా గడ్డకట్టే గాలిలోకి తోయకండి, వెచ్చని గదికి అలవాటుపడిన చెట్టు ఆ దెబ్బకి పోతుంది. 2 నుంచి 8 డిగ్రీలుండే, కిటికీ ఉన్న గదిలో వసంతం దాకా ఆపండి. చలికి జునిపర్ ఆకులు కంచు రంగుకి తిరగడం మామూలే, వేసవికి మళ్ళీ పచ్చబడతాయి. ఎర్రనల్లి పట్టిందేమోనని అనుమానమొస్తే తెల్ల కాగితం మీద కొమ్మను తట్టండి. రాలిన చుక్కలు నడుస్తుంటే అనుమానం నిజమే.

ఇక లార్చ్. సూదాకుల చెట్టే అయినా శిశిరంలో ఆకులన్నీ పసిడి రంగుకి తిరిగి రాలిపోతాయి. వసంతంలో బొడిపెల్లాంటి మొగ్గల నుంచి లేతాకుపచ్చ కుచ్చులు విచ్చుకుంటాయి. ఏడాదిలో నాలుగు రూపాలు చూపించే చెట్టు కొత్తవారికి దొరకడం అదృష్టం. అయితే మేం ఓటు వేసింది ఆ అందానికి కాదు. టామరాక్ అనే అమెరికా లార్చ్ జోన్ 2 చెట్టు, ఐరోపా లార్చ్ జోన్ 3, జపాన్ లార్చ్ జోన్ 4. చలికి ఇంత సిద్ధంగా ఉండి, ఇంత తొందరగా పెరిగి, ఇన్ని తప్పులను క్షమించే చెట్టు మరొకటి లేదు. కొమ్మను పొట్టిగా కత్తిరిస్తే పాత చెక్క మీద కూడా కొత్త మొగ్గలు పుడతాయి. పైన్ జాతిలో ఆ సౌకర్యం తక్కువ, ఆకుల్లేని చోటుకి కత్తిరించామంటే ఆ కొమ్మ అక్కడితో సరి. వంచడంలోనూ లార్చ్‌కి సాటి లేదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత దీని ముందు కాస్త తగ్గాల్సిందే. మొగ్గలు ఉబ్బకముందు, చలికాలం చివర్లో, చిటికెనవేలంత కొమ్మ కూడా వైరు చుట్టి మెల్లగా వంచితే మాట వింటుంది.

లోపాలూ ఉన్నాయి. ఐదారు నెలలు చెట్టు మోడులా నిలబడుతుంది, ఏడాది పొడుగునా పచ్చదనం కావాలనుకునేవారికి ఇది నచ్చదు. చచ్చిపోయిందనుకుని పారేసేవారూ ఉంటారు. బెరడును గోటితో చిన్నగా గీరి చూడండి, కింద పచ్చగా తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. నీటి ఎద్దడిని లార్చ్ సహించదు. ఎండాకాలంలో రోజూ నీళ్ళు పోయాలి, గాలి వీచే వేడి రోజుల్లో రెండుసార్లు. కుండీ కాగిపోతే వేళ్ళు ఉడుకుతాయి, కాబట్టి మధ్యాహ్నం ఎండ కుండీకి తగలకుండా, కొమ్మలకి మాత్రం తగిలేలా అడ్డు పెట్టాలి. వేసవి మరీ వేడిగా ఉండే చోట్లకి ఇది తగిన చెట్టు కాదు. సూదుల పొడవు ఒక మేరకే తగ్గుతుంది కనుక అరచేతి ఎత్తు బోన్సాయ్ దీనితో కుదరదు. 35 సెంటీమీటర్ల పైన ఉంటేనే పొందికగా కనిపిస్తుంది. సూదుల మధ్య తెల్లని దూదిలాంటిది కనిపిస్తే అది అడెల్జిడ్ పురుగు. కొద్దిగా ఉంటే పాత పళ్ళబ్రష్షుతో తుడిచేయొచ్చు, ఎక్కువైతే పురుగుల సబ్బునీళ్ళు కొట్టాలి.

లార్చ్‌లో కొత్తవారు చేసే అసలు పొరపాటు వైరు దగ్గర జరుగుతుంది. అల్యూమినియం వైరు, కొమ్మ లావులో మూడో వంతు మందం, 45 డిగ్రీల వాలుతో చుట్టాలి. ఇంతవరకు అందరూ బాగానే చేస్తారు. తర్వాత మరిచిపోతారు. లార్చ్ వేసవిలో ఎంత జోరుగా లావెక్కుతుందంటే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వైరు బెరడులోకి దిగిపోతుంది. ఆ మచ్చ మానడానికి ఏళ్ళు పడుతుంది. ప్రతి వారం చూడండి. వైరు బెరడును ఒరుసుకుంటున్నట్టు కనిపించగానే మెలికమెలికకీ కత్తిరించి తీసేయండి. విప్పదీయాలని చూస్తే కొమ్మ విరుగుతుంది. కొమ్మ నిలవకపోతే మళ్ళీ కొత్త వైరు చుట్టడమే.

అమూర్ మేపుల్‌కి రెండో చోటు. చలికి లార్చ్‌తో సమానంగా నిలుస్తుంది, జోన్ 3 కన్నా చల్లని చోట్లా బతుకుతుంది. శిశిరంలో ఎరుపు కళ్ళు చెదిరేలా ఉంటుంది. జపనీస్ మేపుల్ కోసం ఆశపడి చలికి భయపడేవారికి సరైన జవాబు ఇదే. కత్తిరించిన చోటల్లా చిగురిస్తుంది, మోడు నుంచి కూడా కొత్త కొమ్మలు లేస్తాయి. చిక్కేమిటంటే జోరు ఎక్కువ కావడం వల్ల ఆకుకీ ఆకుకీ మధ్య కణుపు దూరం సాగిపోతుంది, కొమ్మలు మొరటుగా తయారవుతాయి. దీనికి మందు కత్తెరే: కొత్త రెమ్మ మూడు జతల ఆకులు వేయగానే ఒక్క జత ఉంచి మిగతాది తీసేయాలి. వసంతంలో నత్రజని ఎరువు తగ్గించాలి. పెద్ద కొమ్మను తీసేసిన గాయానికి పేస్టు పూయడం మానకండి, లేకపోతే ఎండు కిందికి పాకుతుంది. సన్నని రెమ్మల అల్లికలో జపనీస్ మేపుల్ నాజూకు దీనికి ఎప్పటికీ రాదు. ఆ సంగతి తెలిసే కొనుక్కోవాలి.

ఎల్మ్ కొనేవారు పేరు చూసి మోసపోవద్దు. సైబీరియా ఎల్మ్ జోన్ 4 చెట్టు, మొండిది, ఆకు చిన్నగా దిగుతుంది. చైనా ఎల్మ్ జోన్ 5, బోన్సాయ్‌గా ఇంకా అందమైనది, బెరడు పొలుసులు పొలుసులుగా ఊడుతుంది. కానీ కొట్లో ఉండేవి చాలావరకు వెచ్చని చోట పెరిగి, ఏడాదంతా ఆకుతో ఉన్నవి. వాటిని శిశిరంలో కొని తిన్నగా మంచులో పెడితే బతకవు. వసంతంలో కొని, ఎండాకాలమంతా బయట పెంచి, శిశిరపు చలిని మెల్లమెల్లగా అలవాటు చేస్తే సరి. అలా చేసినా మొదటి రెండు మూడు చలికాలాలు సున్నా దగ్గరలో ఉండే షెడ్డులో దాచడం మేలు.

స్కాట్స్ పైన్, ముగో పైన్ రెండూ జోన్ 3 చెట్లు. చలి వాటిని ఏమీ చేయదు. చేతకాని చెయ్యి చేస్తుంది. మొగ్గను ఎప్పుడు గిల్లాలో, సూదులను ఎప్పుడు పీకాలో తప్పితే రెండేళ్ళ పెరుగుదల నష్టం. వేళ్ళలో ఉండే తెల్లని శిలీంధ్రం వాటికి చుట్టం లాంటిది, కుండీ మార్చేటప్పుడు దాన్ని రోగమనుకుని కడిగేసేవారున్నారు. రెండో చెట్టుగా తీసుకోండి. జపనీస్ మేపుల్, ట్రైడెంట్ మేపుల్ మూడో నాలుగో చెట్లుగా. ట్రైడెంట్ వేళ్ళు దళసరిగా నీరు పట్టి ఉంటాయి, గట్టిగా గడ్డకడితే చితికి కుళ్ళుతాయి.

ఇంట్లోనే పెంచక తప్పనివారికి ఫైకస్. ఉబ్బిన వేళ్ళతో ‘జిన్సెంగ్’ పేరుతో అమ్మే ఫైకస్‌కి మొద్దు ఒక రకం, పైన అంటుకట్టిన ఆకులు ఇంకో రకం. చచ్చేది తక్కువే గానీ అంటు గుర్తు జీవితాంతం కనిపిస్తుంది. అదే జాతిలో అంటులేని మామూలు ఫైకస్ దొరికితే అదే తీసుకోండి. 15 డిగ్రీలకి తగ్గకుండా చూడాలి, 10 కిందికి దిగితే ఆకులు రాలుతాయి. హీటరు నడిచే ఇంట్లో గాలి ఎడారిలా ఎండిపోతుంది, ఫైకస్ దాన్ని ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది వెలుతురు లేకపోవడం. ఉత్తరపు కిటికీ దగ్గర డిసెంబరు వెలుతురు సరిపోదు. చెట్టుకి జానెడు జానెడున్నర పైన గ్రో లైట్ పెట్టి రోజుకి 12 నుంచి 14 గంటలు వెలిగించాలి. నీళ్ళు పోయడం తరచు మరిచిపోయే ఇల్లయితే పోర్చులకేరియా తీసుకోండి. ఆకులోనే నీరు దాచుకుంటుంది, మట్టి పూర్తిగా ఆరాకే పోయాలి. సెరిస్సా, కార్మోనా పూలతో ఊరిస్తాయి. చోటు మార్చితే చాలు ఆకు రాల్చే చెట్లవి, కొత్తవారికి వద్దు.

విత్తనాల కిట్ల గురించి ఒక్క మాట. కొనకండి. చలి చెట్లలో చాలావాటి విత్తనాలు మొలవాలంటే తడి ఇసుకలో 60 నుంచి 90 రోజులు ఫ్రిజ్‌లో ఉండాలి. మొలిచాక వేలంత కాండానికి ఎన్నో ఏళ్ళు. మొక్క ఎదిగేలోపు పెంచేవారికి బోన్సాయ్ పని ఒక్కటీ నేర్చుకునే వీలుండదు.

కొట్లో మొక్కను చూసేటప్పుడు కొమ్మలకేసి చివర్న చూడండి. ముందు వేలితో పైమట్టిని రెండు మూడు సెంటీమీటర్లు తవ్వండి. కాండం కిందికి పోయేకొద్దీ వెడల్పై, వేళ్ళు చుట్టూ పరుచుకుని కనిపించాలి. ఒకే పక్క వేళ్ళున్నా, ఒక వేరు మొదలుకి ఉరితాడులా చుట్టుకున్నా వదిలేయండి. మొదలు పట్టుకుని మెల్లగా కదపండి. ఊగిసలాడితే వేళ్ళు పట్టలేదు, లేదా కుళ్ళాయి. కింది మూడో వంతులో కనీసం రెండు మూడు కొమ్మలుండాలి. ఎత్తు చూసి మురవకండి, దాన్ని ఎటూ కోసేస్తాం. ఒక అందాజుగా మొదలు లావుకి ఆరింతల ఎత్తు పొందికైనది, అంటే 3 సెంటీమీటర్ల మొదలుకి 18 నుంచి 20. లార్చ్‌కి మాత్రం ఈ లెక్క పట్టదు, ముందు చెప్పినట్టు 35 సెంటీమీటర్ల పైన ఉంటేనే అందం. చిన్న కుండీలోకి మార్చిన రోజు నుంచి లావు పెరగడం దాదాపు ఆగిపోతుంది కనుక, లావు కావాలంటే ఇప్పటికే లావున్న మొక్కను కొనాలి, లేదా రెండు మూడేళ్ళు నేలలోనో వెడల్పాటి చెక్కపెట్టెలోనో వదలాలి.

మొదటి ఏడాది ఒక్క పెద్ద పని మాత్రమే. కొమ్మలు కోసిన ఏడాది కుండీ మార్చవద్దు, కుండీ మార్చిన ఏడాది పెద్ద కొమ్మలు కోయవద్దు. కొత్త చెట్లు ఇంట చావడానికి చలి తర్వాత అతి పెద్ద కారణం ఈ తొందరే. లార్చ్‌కి కుండీ మార్చే అదను చాలా చిన్నది. మొగ్గలు ఉబ్బి, చివర పచ్చని చుక్క తొంగిచూసే వారం పది రోజులు. వేళ్ళలో మూడో వంతుకి మించి తీయకండి. మట్టిగా ప్యూమిస్ (తేలికైన, బెజ్జాల అగ్నిపర్వత రాయి) రెండు పాళ్ళు, లావా రాయి ఒక పాలు, పైన్ బెరడు ముక్కలు ఒక పాలు. 3 నుంచి 6 మిల్లీమీటర్ల గింజ, దుమ్మంతా జల్లెడ పట్టి తీసేయాలి. జపాన్ నుంచి వచ్చే అకడమా మట్టి గొప్పదే, కానీ మెత్తని రకం గడ్డకట్టి కరిగే చోట కొన్ని చలికాలాల్లో పొడైపోయి నీరు దిగనివ్వదు. తోటమట్టి అసలే వద్దు.

కుండీ విషయంలో చలి ఎవరినీ క్షమించదు. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం వ్యాకోచిస్తుంది. మామూలు ఎర్రమట్టి కుండీ నీటిని పీల్చుకుని పొరలు పొరలుగా పగులుతుంది. 1200 డిగ్రీల దగ్గర కాల్చిన స్టోన్‌వేర్ కొనండి, లేదా మొదటి కొన్నేళ్ళు ప్లాస్టిక్ కుండీయే చాలు. అంచు లోపలికి వంగిన కుండీ ఎంత గట్టిదైనా వద్దు. ఉబ్బిన మంచుగడ్డకి పైకి జారే దారి ఉండదు, గోడ విరుగుతుంది.

చలికాలంలో దాచే చోటు కొనకముందే చూసుకోవాలి. లార్చ్‌కైనా, మేపుల్‌కైనా, జునిపర్‌కైనా సున్నాకీ 7 డిగ్రీలకీ మధ్య సుమారు వెయ్యి గంటల నిద్ర కావాలి. ఆ నిద్ర చెడగొట్టకుండా, చలి మరీ ముదిరినప్పుడు వేళ్ళను కాపాడాలి. ఆకులు రాలి, నాలుగైదు రాత్రులు మంచు కురిశాకే లోపలికి తేవాలి, తొందరపడితే గట్టిపడదు. పెరడు ఉంటే ఇంటికి ఉత్తరం పక్కన గుంట తీసి, కుండీని అంచు దాకా పాతి, పైన 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎండుటాకుల చెత్త కప్పండి. దక్షిణపు గోడ పక్క వద్దు, పగలు కరిగి రాత్రి గడ్డకట్టడం ఒకే తీరున గడ్డకట్టి ఉండటం కన్నా ప్రమాదం. పైన మంచు పడితే దులపకండి, అంతకన్నా మంచి దుప్పటి లేదు, కొమ్మలు విరిగేంత బరువైతే తప్ప. పెరడు లేనివారికి వేడిచేయని గ్యారేజీ, -5 నుంచి +5 మధ్య. ఆకులు రాలిన చెట్టుకి అక్కడ వెలుతురు అక్కర్లేదు, జునిపర్‌ని మాత్రం కిటికీ పక్కన పెట్టండి. చలికాలంలోనూ మట్టి ఆరుతుంది. పది పదిహేను రోజులకోసారి చూసి, మట్టి గడ్డకట్టని పూట తడపండి. గాలి వీచే చోట జునిపర్‌ని ఉంచితే ఆకులు నీటిని వదులుతూనే ఉంటాయి, గడ్డకట్టిన వేళ్ళు అందించలేవు. చెట్టు నీళ్ళ మధ్యే దాహంతో పోతుంది.

ఎలుకలనీ కుందేళ్ళనీ లెక్కలోకి తీసుకోండి. మంచు కింద సొరంగాలు తవ్వుకుని వచ్చి మొదలు చుట్టూ బెరడు కొరికేస్తాయి, చుట్టూరా పోతే చెట్టు దక్కదు. సన్నకన్నాల ఇనుప జాలీని కాండం చుట్టూ గొట్టంలా నిలబెట్టి, మట్టిలోకి నాలుగు వేళ్ళ లోతు దింపండి. అసలైన కాపలా మాత్రం వసంతంలోనే. మొగ్గ విచ్చుకున్న చెట్టు తన చలి కవచాన్ని విప్పేసినట్టే, -20ని ఓర్చుకున్న లార్చ్ చిగురు -2కే నల్లబడుతుంది. కుండీ మార్చిన చెట్టయితే కోసిన వేళ్ళకి సున్నా కూడా తగలకూడదు. ఆ నాలుగైదు వారాలు సాయంత్రం వాతావరణ సూచన చూడటం, మంచు పడే రాత్రి కుండీని షెడ్డులోకి మోయడం, పొద్దున్నే మళ్ళీ ఎండలోకి తేవడం తప్పదు. అందుకే మొదటి చెట్టు కుండీతో సహా ఒక్కరు ఎత్తగలిగే బరువే ఉండాలి.